నేల షేడ్ కార్డు

కర్బనం నల్లగా ఉంటుందని మా జేడీ గారు ఒక మంగళవారం ఉదయం పదకొండున్నరకి కనిపెట్టారు.

అంతకుముందు దాకా మా జిల్లాలో ఏ నేలలో ఎంత కర్బనం ఉందో ఒక మిషను చెప్పేది. దాని వైరుని ఎలుక కొరికింది. బాగుచేసే మనిషిని పంపమని పైకి మూడు ఉత్తరాలు రాశారు. మొదటిదానికి, ఎలుక ఎప్పటినుంచి ఉందో తెలపమని జవాబొచ్చింది. రెండోదానికి, అది ఆఫీసు ఎలుకా బయటి ఎలుకా అని అడిగారు. మూడోదానికి జవాబు రాకముందే పథకం వచ్చేసింది.

పథకం పేరు 'నేలతల్లికి దుప్పటి'. పేరు బాగుంది, లోపలి సంగతి ఇంకా బాగుంది. ఎండుటాకులు, గడ్డి, శెనక్కాయ పొట్టు, ఏది దొరికితే అది నేల మీద నాలుగంగుళాల మందాన కప్పాలి. అది నిదానంగా కుళ్లి మట్టిలో కలుస్తుంది. గాల్లో తిరగాల్సిన కర్బనం మట్టిలో కూర్చుంటుంది. నేల మెత్తబడుతుంది, తేమ నిలుస్తుంది. దీన్ని మల్చింగు అంటారు. కప్పినందువల్ల కర్బనం పెరిగిందని తేలితే ఆ రైతుకి డ్రిప్పు సెట్టు ఇస్తారు. తేల్చాల్సిన మిషను మాత్రం మూలన పడి ఉంది, ఎలుకతో సహా.

నేను ఆ ఆఫీసులో కాంట్రాక్టు మీద పనిచేసే నేల సహాయకుణ్ణి. పేరు వన్నూరుస్వామి. నేలకి ఏ సహాయం చేయాలో నా నియామక పత్రంలో రాయలేదు.

ఆ మంగళవారం మీటింగులో జేడీ గారు, అంటే వ్యవసాయ శాఖ జాయింట్ డైరెక్టర్ కోదండపాణి గారు, పెన్సిలు చెక్కుతూ ఉన్నట్టుండి ఆగిపోయారు. పెన్సిలు ముల్లు దేంతో చేస్తారని అడిగారు. కర్బనంతో అన్నాం. బొగ్గు? కర్బనం. దోసె పెనం కింది మసి? కర్బనం. వజ్రం కూడా కర్బనమే సార్ అని నేనన్నాను. ఆయన నావైపు జాలిగా చూసి, వజ్రాలు మన శాఖ పరిధిలోకి రావని చెప్పారు.

"కావున," అన్నారాయన లేచి నిలబడి, "నేల ఎంత నలుపైతే కర్బనం అంత ఎక్కువని ఇందుమూలంగా స్పష్టమగుచున్నది. మిషను అవసరం ప్రస్తుతానికి లేనట్లే."

అందరం చప్పట్లు కొట్టాం. జేడీ గారి జుట్టు కూడా ఆ రోజు చాలా నల్లగా ఉంది.

నలుపు కొలవడానికి ఒక రంగుల కార్డు కావాలి. కొత్తగా అచ్చు వేయించాలంటే ఏడాది పడుతుంది. అందుకని బస్టాండు పక్కన పెయింట్ల అంగట్లో గోడ రంగులు ఎంచుకోవడానికి పెట్టుకునే షేడ్ కార్డులు నలభై తెప్పించారు. నీలాలూ పచ్చలూ కత్తిరించి పారేశారు. ఎరుపు నుంచి నలుపు దాకా పది షేడ్లు మిగిలాయి. వెనకాల పేర్లు అట్లాగే ఉన్నాయి. ఒకటో నంబరు మందార ఉదయం. మూడోది ఇటుకల ఇల్లు. ఐదోది బెల్లం పాకం. ఏడోది చాక్లెట్ స్వప్నం. తొమ్మిదోది కాఫీ తోట. పదోది, అన్నిటికంటే నల్లనిది, అమావాస్య రాణి.

ఉత్తర్వు వెలువడింది. మల్చింగు వేసిన పిమ్మట రెండు షేడ్లు పెరిగిన నేలకు మాత్రమే డ్రిప్పు సెట్టు మంజూరు చేయవలెను. పదో నంబరు చేరిన రైతును ఉత్తమ కర్బన రైతుగా గుర్తించి డ్రిప్పు సెట్టుతో పాటు శాలువా, ఫలకం బహూకరించవలెను. కొలత తీసుకొను సమయమున కార్డుపై నీడ పడరాదు.

కార్డు జేబులో పెట్టుకుని ఊళ్ల మీద పడ్డాను.

మొదట రేగడిపల్లెకి పోయాను. అక్కడంతా నల్లరేగడి. చిన్నగంగిరెడ్డి అనే ఆయన వేపచెట్టు కింద మంచం మీద పడుకుని ఉన్నాడు. మల్చింగు వేశావా అని అడిగితే కళ్లు తెరవకుండానే వేశానన్నాడు. గడ్డి ఎక్కడ అంటే నెర్రెల్లోకి పోయిందన్నాడు. నిజమే, ఎండాకాలం రేగడి నేల జానెడేసి వెడల్పున నోళ్లు తెరుస్తుంది. గడ్డి వేసిన వారానికే నేల మింగేసింది. గడ్డితో పాటు ఆయన ఎడమకాలి చెప్పు కూడా పోయింది. కార్డు పెట్టి చూస్తే తొమ్మిది, కాఫీ తోట. రేగడి మా తాతల కాలం నుంచీ నలుపే, దాని నలుపుకి వేరే కారణాలున్నాయి. ఆ సంగతి రాయడానికి ఫారంలో గడి లేదు. నా రిపోర్టు చూసి జేడీ గారు మురిసిపోయి 'లోతైన నిల్వ' అని పక్కన ఎర్రసిరాతో రాశారు. చెప్పుని కూడా మూడడుగుల లోతున నిల్వ ఉన్న సేంద్రియ పదార్థం కింద చేర్చమన్నారు, తోలుదైతే. తోలుదేనని గంగిరెడ్డి ప్రమాణపత్రం ఇచ్చాడు. ఆయనకి పెరగడానికి ఒక్క షేడే మిగిలింది కాబట్టి డ్రిప్పు రాలేదు, ప్రశంసాపత్రం వచ్చింది. నిద్రలో ఉండగానే అందుకున్నాడు.

తర్వాత ఏటిగడ్డ. అక్కడ ఇసుక నేల. వేసిన ఆకంతా గాలికి లేచిపోయి బడి ముళ్లకంచెకి తగులుకుంది. రూలు ప్రకారం మల్చింగు ఎక్కడుంటే కర్బనం అక్కడ. కాబట్టి మొత్తం బడి పేరున రాశాం. హెడ్మాస్టరుకి ఉత్తమ రైతు పోటీలో పేరొచ్చినందుకు ఇంట్లో పాయసం చేశారట.

మూడోది మా ఊరే, ఎర్రగుడిసెల. పేరుకి తగ్గట్టే ఎర్రనేల. ఇక్కడ చెదలు ఎక్కువ. నెలతిరక్కుండానే మల్చింగులో సగం తినేస్తాయి. 'మల్చింగు లేని యెడల కారణము' అన్న గడిలో చెదలు అని రాస్తే, చెదలు ఎవరి పొలం నుంచి వచ్చినవో తెలపమని ఫారం తిప్పి పంపారు.

ఈ ఊళ్లోనే సుంకులమ్మ చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉంది. రెండొందల పన్నెండు చెట్లు. తొమ్మిదేళ్ల చెట్లు, మంచి కాపు మీదున్నాయి. చుట్టరికం ఏమీ లేకపోయినా నేనామెను అత్తా అంటాను, ఆమె నన్ను అల్లుడా అంటుంది. కూతురు లేదు కాబట్టి ఇద్దరికీ ఇబ్బంది లేదు.

సుంకులమ్మ పథకం రాకముందు నుంచే, ఏడేళ్లుగా, చెట్ల పాదుల్లో శెనక్కాయ పొట్టూ ఆకూ అలమూ కప్పుతోంది. చెదలు తినేకొద్దీ మళ్లీ వేస్తుంది. తిన్నా మట్టిలోకేగదా పోయేది అంటుంది. ఆమె కష్టమంతా నీళ్ల దగ్గరే. బోరు రోజుకి గంటన్నర పోస్తుంది. పాత డ్రిప్పు పైపుల్ని ఉడతలు కొరికి పిల్లనగ్రోవుల్లా చేశాయి. ఆ గంటన్నర నీళ్లు కాలవ కట్టి పారిస్తే అరవై చెట్లకి అందుతాయి. అదే డ్రిప్పుంటే బొట్టు బొట్టుగా రెండొందల పన్నెండుకీ సరిపోతాయి. మే నెల లోపల డ్రిప్పు రాకపోతే నూటయాభై చెట్లు ఎండి కట్టెలవుతాయి. లెక్క అంత తేలిక.

నేను పాదులో కూర్చుని పొట్టు పక్కకి జరిపి, పిడికెడు మట్టి తీసి ఎండలో ఆరబెట్టి, కార్డు పక్కన పెట్టాను. మూడు. ఇటుకల ఇల్లు.

"ఏం అల్లుడా, జాతకం చూస్తాండావా?"

"నీ నేల రంగు చూస్తాండా అత్తా. ఎర్రనేలకి మొదలు మూడు, పెరిగి ఐదు రావల్ల. మూడే వచ్చె."

ఆమె కార్డు లాక్కుని అటూ ఇటూ తిప్పి చూసింది. వెనకాల పేర్లు నాతో చదివించుకుంది. మా ఇంటి గోడకి ఏదైనా బాగుంటాది, నేలకెందుకివి అని అడిగింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని పాదులోకి దించింది. వేళ్లు మణికట్టు దాకా దిగాయి. ఏదో మెత్తగా కదిలింది. వానపాము.

"ముందర ఈ నేలలో పార ఏస్తే ఖంగుమనేది," అంది. "ఇప్పుడు చెయ్యి దిగుతాంది. ఇది గాదా మీ కార్బను?"

"అదే అత్తా. గానీ ఎర్రగా ఉండాది."

"నెత్తురు ఎర్రగా ఉండాదని పారబోసుకుంటామా రా?"

నాకు కొంచెం సిగ్గేసింది. అందుకని ఎవరికీ చెప్పకుండా రెండు సంచుల మట్టి తీసుకుని, వేరే జిల్లా పరీక్షశాలలో పనిచేసే నా క్లాస్‌మేటుకి పంపాను. అక్కడి మిషనుకి ఎలుక తగల్లేదు. పది రోజులకి కాగితం వచ్చింది. గట్టుకి అవతల ఏమీ కప్పని నేలలో కర్బనం నూటికి సున్నా పాయింటు రెండు తొమ్మిది. సుంకులమ్మ పాదులో సున్నా పాయింటు ఆరు ఒకటి. రెండింతలు దాటింది. ఎర్రనేలలో, మా ఎండలకి, అది చిన్న విషయం కాదు.

కాగితం పట్టుకుని ఎగురుకుంటూ జేడీ గారి గదిలోకి పోయాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చదివారు. తీసేసి తుడిచి మళ్లీ పెట్టుకుని చదివారు.

"ఇది దశాంశం," అన్నారు చివరికి. "మన కార్డులో దశాంశాలకు అవకాశం కల్పించబడలేదు."

పెరిగింది గద సార్ అన్నాను.

"తొందరపడకు వన్నూరుస్వామీ. సున్నా పాయింటు ఆరు అనగా ఒకటి కంటే తక్కువ. అనగా మందార ఉదయం కంటే కూడా దిగువ. ప్రస్తుతం ఆమెకు మూడు ఉన్నది. ఈ కాగితం ఫైల్లోకి వచ్చిన యెడల ఆ మూడు కూడా పోవును. నష్టపోయేది ఆ మహిళా రైతే." కాగితం మడిచి, ఆమె మీద దయతో, నా జేబులోనే పెట్టారు.

ఇక దారి లేక మళ్లీ కార్డు పట్టుకుని మామూలు దారినే పడ్డాను. ఆ రోజుల్లో మా ఊరంతా రెండు షేడ్లు పెంచే పనిలో ఉంది. మొదట ఎవరి కడవో చేతుల్లోంచి జారి పొలంలో ఒలికింది. ఒలికిన చోట ఇటుకల ఇల్లు కాస్తా బెల్లం పాకమైంది. తడి మట్టి ముదురుగా కనిపిస్తుందని పుట్టిన ప్రతివాడికీ తెలుసు, కానీ దానివల్ల డ్రిప్పు వస్తుందని అప్పుడే తెలిసింది. నీళ్లు పొదుపు చేసే పైపుల కోసం జనం బోర్లు ఎండేదాకా నీళ్లు పారబోయడం మొదలుపెట్టారు. కొందరు మసి చల్లారు. టీ అంగడి ఓబులేసు నెలరోజులు గిన్నెల అడుగు తోమలేదు, మసి కోసం ముందే చెప్పుకున్నవాళ్లు వరసలో ఉన్నారు. ఒకాయన పట్నం నుంచి జుట్టుకి వేసే రంగు పొట్లాలు తెచ్చి అరెకరానికి కొట్టాడు. అది మా అందరికంటే ముందు జేడీ గారే పట్టేశారు. ఎలా పట్టారని ఎవరూ అడగలేదు.

దాంతో సవరణ ఉత్తర్వు వచ్చింది. తనిఖీకి ముందు మూడు రోజులు ఏ నేలకూ నీరు పెట్టరాదు. పెట్టినచో అనర్హులు. కొలత మిట్టమధ్యాహ్నమే తీయవలెను. తనిఖీకి స్వయంగా జేడీ గారే విచ్చేయుదురు. తేదీ మే నాలుగు.

సుంకులమ్మ ఆ కాగితం నాతో చదివించుకుని వింది. మేలో మూడు రోజులు నీళ్లాపితే చీనీ కాయ రాలుతుంది. నీళ్లు పెడితే డ్రిప్పు రాదు, డ్రిప్పు రాకపోతే చెట్టే ఉండదు. కాయ పోతే పోనీలే, చెట్టు నిలిస్తే చాలు అని మోటారు ఆపేసింది. స్టార్టరు తాళంచెవి నా చేతికిచ్చి, నువ్వే పెట్టుకో, నా మనసు నిలవదు అంది. మూడు రోజులూ ఆ తాళంచెవి నా జేబులో కార్డు పక్కనే ఉంది. మూడో రోజు ఉదయానికి తోటలో ఆకులు దొన్నెల్లా ముడుచుకోవడం మొదలైంది.

మే నాలుగున జేడీ గారి జీపు మా ఊరి కూడలి దాకా వచ్చి, మూడుసార్లు దగ్గి ఆగిపోయింది. సరిగ్గా దస్తగిరి షెడ్డు ముందు.

దస్తగిరి ట్రాక్టర్ల మెకానిక్కు. ముందు వాళ్ల నాయన. ముప్పై ఏళ్లుగా ఆ షెడ్డులో ట్రాక్టర్ల కడుపులు కోస్తున్నారు. ముప్పై ఏళ్ల పాత ఆయిలూ గ్రీజూ నేలలో ఇంకి, ఇంకడానికి చోటు చాలక పైన నిలిచి, తొక్కీ తొక్కీ గట్టిపడింది. అమావాస్య నాడు కూడా ఆ నేల చుట్టూ ఉన్న చీకట్లోంచి విడిగా కనిపిస్తుంది.

దస్తగిరి బానెట్టు ఎత్తి లోపలికి దూరాడు. జేడీ గారికి స్టూలు వేశాం. ఊరికే కూర్చోవడం ఎందుకని నేను వంగి, కార్డు షెడ్డు నేల మీద పెట్టాను. నాకు వేరే ఉద్దేశం ఏమీ లేదు. ఉన్నా ఫారంలో దానికి గడి లేదు.

జేడీ గారు ముందు ఓరగా చూశారు. తర్వాత స్టూలు మీంచి లేచారు. పదో నంబరు, అమావాస్య రాణి, ఆ నేల పక్కన తెల్లబోయి ఉంది.

"ఎన్నేళ్ల నుండి ఇట్లున్నది?" అని మెల్లగా అడిగారు.

"నాయన కాలం నుంచీ ఇంతే సార్," అంది బానెట్టు లోపలి గొంతు. "ముప్పై ఏండ్లాయ."

"ఏమి వేయుదురు?"

"ఏం ఏస్తాం సార్, పాత ఆయిలు. గ్రీజు. అదే కారతాంటాది."

జేడీ గారి మొహంలో వెలుగు కొంచెం తగ్గింది. సేంద్రియమైతేనే లెక్కకి వస్తుందని పథకంలో ఉంది. నావైపు చూశారు. నేను అబద్ధం చెప్పలేదు. ఆయిలు కూడా ఒకప్పటి నాచే కదా సార్ అన్నాను. కోట్ల ఏళ్ల కిందట పచ్చగా ఉండి, అడుక్కి పోయి, మీద మన్ను పడి కుళ్లిందే. కాకపోతే మనవాళ్లు పోయిన నెల కప్పారు, ఇది కొంచెం ముందు కప్పింది.

"రాసుకో," అన్నారు జేడీ గారు. "పరంపరాగత ద్రవరూప మల్చింగు. రెండు తరములుగా, ప్రభుత్వ ప్రోత్సాహము లేకుండగా, మారుమూల గ్రామమున, ఒక సామాన్య రైతు..."

"రైతు కాదు సార్, మెకానిక్కు."

"వినయము," అన్నారు జేడీ గారు. అదీ రాసుకున్నాను.

జీపు బాగయ్యాక సుంకులమ్మ తోటకి చేరేసరికి పన్నెండు దాటింది. దారిలో నాలుగు పొలాలు చూశాం. మూడు రోజుల ఎండకి నేలంతా వెలిసి, ఇటుకల ఇల్లు కూడా రంగు పోయి మందార ఉదయానికి జారింది. జేడీ గారు ఒక్కొక్కరికీ ఓదార్పు పత్రం ఇచ్చుకుంటూ వచ్చారు.

తోటలో సుంకులమ్మ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ముడుచుకున్న ఆకుల కింద కాయలు కొన్ని రాలి ఉన్నాయి. నేను పాదులో పొట్టు పక్కకి తీశాను. కింద నేల ఇంకా తేమగా ఉంది. మూడు రోజులు నీళ్లు లేకపోయినా, మే నెల మిట్టమధ్యాహ్నమైనా, ఆ పొట్టు దుప్పటి కింద మన్ను చల్లగా, ముదురుగా, వాసనేస్తూ ఉంది. తడి కాబట్టి ముదురు. తడి ఎందుకుందంటే ఏడేళ్లు కప్పింది కాబట్టి. ఈసారి మట్టి తీసి ఆరబెట్టమని ఎవరూ అనలేదు, నేనూ గుర్తు చేయలేదు. ఉన్నచోటే కార్డు పెట్టాను.

ఐదు. బెల్లం పాకం.

సుంకులమ్మకి అంకెలు తెలుసు. నావైపు చూసి పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జేడీ గారు వంగి, చెయ్యి పెట్టి చూశారు. చల్లగా ఉందన్నారు. నీళ్లు పెట్టలేదు కదా అని అడిగారు. జేబులోంచి తాళంచెవి తీసి చూపించాను. ఆయన చాలాసేపు ఆలోచించారు. ఆ ఆలోచన చూస్తే నాకు భయం వేసింది.

"అమ్మా, అభినందనలు," అన్నారు. "మూడు దినములు నీరు లేకున్ననూ మీ నేల తడిగా ఉన్నది. డ్రిప్పు అనునది నీటి కొరత గల నేలలకు ఉద్దేశించబడినది. మీ నేలకు ఆ అవసరము లేదని మల్చింగు ద్వారా మీరే నిరూపించినారు." అని జాబితాలో ఆమె పేరు కొట్టేసి, పక్కన 'స్వయం సమృద్ధి' అని రాశారు.

ఒక కాయ రాలిన చప్పుడైంది.

"సార్," అంది సుంకులమ్మ. "తేమ నేలలో ఉండాది. చెట్టు తాగేసినాక ఎన్నాళ్లుంటాది?"

మంచి ప్రశ్న అనీ, వచ్చే ఏడాది తనిఖీలో పరిశీలిస్తామనీ చెప్పి జేడీ గారు జీపెక్కారు. నేను మోటారు తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను. ఆమె పోయి మోటారు వేసింది. అరవై చెట్లకి అందేంత నీళ్లు వచ్చాయి.

తనిఖీ అయిన నాలుగో రోజున సన్మానం జరిగింది. రైతు వేదిక మీద దస్తగిరికి శాలువా కప్పారు. ఆ పూట ఆయన బిడ్డ ఉతికిచ్చిన తెల్లచొక్కా వేసుకొచ్చాడు, ఫలకం పట్టుకున్న వేళ్ల మీద మాత్రం గ్రీజు పోలేదు. అది చూపించి జేడీ గారు, కర్బనము ఈ రైతు రక్తములోనే ఉన్నదని ఉపన్యసించారు. జిల్లాలోని రైతులందరూ ఆయన క్షేత్రాన్ని సందర్శించి స్ఫూర్తి పొందాలన్నారు. తర్వాత డ్రిప్పు సెట్టు దించారు. పైపు చుట్టలు తొమ్మిది, ఫిల్టరు, వాల్వులు.

దస్తగిరి చుట్టల మధ్య నిలబడి నన్ను పక్కకి పిలిచాడు.

"వన్నూరూ, ట్రాక్టర్లకి బొట్టుబొట్టుగా నీళ్లు పెట్టల్లనా నేను?"

వెనక్కి ఇచ్చేద్దామా అని అడిగాడు. ఇవ్వడానికి ఫారం ఉంది, తీసుకోవడానికి ఫారం ఉంది, వెనక్కి ఇచ్చే ఫారం ఎవరూ తయారుచేయలేదని చెప్పాను. వారంలోగా బిగించి ఫోటో పంపకపోతే నోటీసు వస్తుందని కూడా చెప్పాను. ఎక్కడ బిగించాలని అడిగాడు. మేమిద్దరం ఒకేసారి తూర్పు వైపు చూశాం. సుంకులమ్మ తోట అటే ఉంటుంది.

"ఆయమ్మ బోరు మోటారు మూడుసార్లు రిపేరు చేసింది నేనే గదా," అన్నాడు దస్తగిరి. "ప్రతిసారీ కాయలు ఏరి సంచికిచ్చేది. పా, పోదాం."

చుట్టలు ట్రాక్టరు మీద వేసుకుని పోయాం. పైపులు పరవడం ఎవరూ నేర్పకపోయినా ఇంజను తెలిసినవాడికి ఫిల్టరు ఒక లెక్కా. రెండు రోజుల్లో రెండొందల పన్నెండు చెట్లకీ బొట్టు అందింది. మొదటి బొట్టు పడ్డప్పుడు సుంకులమ్మ పాదులో కూర్చుని అరచెయ్యి కింద పెట్టింది. నిండేదాకా లేవలేదు. తర్వాత ఇద్దరికీ సంగటి పెట్టింది, వద్దన్నా రెండో ముద్ద పడేసింది.

ఫోటోలో పైపులూ లబ్ధిదారుడూ పంటా మూడూ కనపడాలని రూలు. దస్తగిరి చీనీ చెట్టు కింద రెంచి పట్టుకుని నిలబడ్డాడు. 'సెట్టు బిగించిన స్థలము' అన్న గడి దగ్గర కొంచెం ఆలోచించాను. 'కర్బనం ఉన్న చోట' అని రాశాను. ఇప్పటిదాకా ఆ ఫారాల్లో నేను రాసిన వాటిలో అదొక్కటే పూర్తి నిజం. జేడీ గారు చదివి, సాంకేతిక భాష నేర్చుకుంటున్నావని మెచ్చుకున్నారు.

సుంకులమ్మ ఊరికే తీసుకునే మనిషి కాదు. నెలాఖరుకి రెండు బండ్ల శెనక్కాయ పొట్టు తోలుకొచ్చి దస్తగిరి షెడ్డులో నాలుగంగుళాల మందాన పరిచింది. కాలు జారి రెండుసార్లు పడ్డావంట, ఇంక పడవులే అంది. పొట్టు ఏళ్ల తరబడి నిలిచిన ఆయిలు పీల్చుకుంది. దాన్ని ఊడ్చి డబ్బాల్లోకెత్తి, మళ్లీ కొత్తది పరిచింది. అట్లా ఏడాది. మొన్న మేలో నేను తనిఖీకి పోయేసరికి షెడ్డులో ఒక మూల అసలు మన్ను కనిపించింది. దస్తగిరి పుట్టి బుద్ధెరిగాక ఆ మన్ను చూడ్డం అదే మొదటిసారట. ఎర్రగా ఉందే అని ఆశ్చర్యపోయాడు.

మిగతా నేల మీద కార్డు పెట్టాను. ఎనిమిది.

వారానికే నోటీసు వచ్చింది. ఉత్తమ కర్బన రైతు క్షేత్రమున రెండు షేడ్ల కర్బనము అదృశ్యమైనట్లు గుర్తించడమైనది. సదరు రెండు షేడ్లు ఎచటికి పోయినవో ఏడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను. దస్తగిరి చదవమని నాకిచ్చి, ఏం రాయల్లో నువ్వే చెప్పు అన్నాడు. నిజమే రాయి, సుంకులమ్మ పేరు మాత్రం ఎత్తకు అన్నాను. రాశాడు:

"అయ్యా, నా షెడ్డుకి వచ్చిన ప్రతి ట్రాక్టరూ పోయేటప్పుడు టైర్లకి కొంచెం అంటించుకుని పోయింది. నేను ఎవరినీ ఆపలేదు. ఇట్లు, మెకానిక్కు దస్తగిరి."

జేడీ గారు దీన్ని చాలా తీవ్రంగా తీసుకున్నారు. ఏడాదిలో ఆ షెడ్డుకి వచ్చిన ట్రాక్టర్లన్నిటినీ గుర్తించి, టైర్ల షేడు కొలిచి, తరలిపోయిన కర్బనాన్ని రాబట్టాలని ఉత్తర్వు ఇచ్చారు. ఆ పని నాకే అప్పగించారు. కాంట్రాక్టు మూడేళ్లు పొడిగించారు.

అందువల్ల ఇప్పుడు రోజూ కార్డు పట్టుకుని ఊరూరా ట్రాక్టర్ల వెంట తిరుగుతున్నాను. మధ్యాహ్నం ఎండ ముదిరితే సుంకులమ్మ తోటలోకి పోతాను. ఆమె ఒక కాయ కోసిస్తుంది. పాదు పక్కన కార్డు పరుచుకుని, దాని మీద కూర్చుని తింటాను. కింద నేల చల్లగా ఉంటుంది. ఏ నంబరో లేచి చూడాలని ఒక్కసారీ అనిపించలేదు.